కొట్టివేతల నోటుబుక్కు

18 జూలై 2023, మంగళవారం

సృజనాత్మక రచన పేపర్లో మొదటి అసైన్‌మెంట్ ఈరోజు చేతికొచ్చింది. అమ్మ గురించి రెండు పేజీలు. 'మాతృమూర్తి అవ్యాజానురాగానికి ప్రతిరూపం' అని ఎత్తుకున్నాను. ఇంటర్లో ఆ వాక్యంతోనే వ్యాసరచన పోటీలో ఫస్టు ప్రైజు కొట్టాను మరి. మేడం రెండు పేజీల మీదా అడ్డంగా ఎర్ర గీతలు పెట్టేశారు. ఒక్క వాక్యాన్ని మాత్రం వదిలారు: 'అమ్మ అన్నం స్పూనుతో తింటుంది.' పక్కన రెండే మాటలు: 'ఎందుకు? రాయి.'

హాస్టల్‌కొచ్చి ఏడ్చాను. ఆవిడకి భాష రాదని పక్క మంచం అమ్మాయితో అన్నాను. మాకు నన్నయ చెప్పేది ఆవిడే!

29 ఆగస్టు

తెలుగు భాషా దినోత్సవం. వచ్చిన అతిథి వాడుక భాష గొప్పదనం గురించి నలభై నిమిషాలు గ్రాంథికంలో దంచారు. చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నాను. గదికొచ్చి నా రెండో ప్రయత్నం తీసి చూసుకుంటే అదీ అలాగే ఉంది. అమ్మని 'శ్రమజీవి' చేశాను. 'ఈవిడ ఏం పని చేస్తుంది? నాకు కనబడలేదు' అని మేడం రాశారు.

కనబడకుండా రాసింది నేనే. అమ్మ జీడిపప్పు యూనిట్లో పిక్కలు కొడుతుందని క్లాసులో ఎవరికీ చెప్పలేదు. 'మాది జీడి బిజినెస్' అంటూ వచ్చాను. ఈ దినోత్సవం ఎవరి పేరు మీదో ఆ గిడుగు రామమూర్తి పంతులు మా జిల్లాలో పుట్టినవాడే. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. నాకేమో ఇంట్లో మాటలు కాగితం మీద పెట్టడానికే సిగ్గు.

26 సెప్టెంబర్

లైబ్రరీలో 'కన్యాశుల్కం' రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకున్నాను. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. పేరూ వచ్చింది. ఇంకొకరైతే దాన్ని అక్కడితో వదిలేద్దురు. గురజాడ 1909లో మళ్లీ అచ్చు వేయించేనాటికి అయిదంకాలు ఏడయ్యాయి, మధురవాణి ఎక్కడికో ఎదిగిపోయింది. మనం చదివేదీ, కబుర్లలో వాడుకునేదీ ఈ రెండోదాన్నే. దిద్దడమంటే దీర్ఘాలూ వత్తులూ చూసుకోవడమనుకున్నాను ఇన్నాళ్లూ. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ రాయడానికి ఆయన కూర్చున్నాడు. నేను రెండోసారికే అలిగాను.

25 అక్టోబర్, పలాస

దసరాకి వచ్చి, ఈరోజు అమ్మతో పనికి వెళ్లాను. చిన్నప్పుడు వెళ్లేదాన్ని, టెన్త్ తర్వాత మానేశాను.

పిక్కని మిషన్ బ్లేళ్ల మధ్య పెట్టాలి. కాలితో తొక్కితే డొక్క చీలుతుంది. సూదిగా ఉన్న ఇనప ముక్కతో లోపలి పప్పు పైకి తీయాలి. తొందరపడితే పప్పు విరిగి బద్దవుతుంది. గుండు రేటు వేరు, బద్ద రేటు వేరు. డొక్కలో నూనె ఉంటుంది, అది తగిలినచోట చర్మం కాలుతుంది. పక్కన కూర్చున్నావిడ ఆముదం సీసా దగ్గర పెట్టుకుని అరగంటకోసారి చేతులకి పట్టిస్తోంది. అమ్మ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసల్లో నల్లగా, పొలుసులు లేచి ఉన్నాయి. ఆ వేళ్లతో పులుసన్నం కలిపితే మంట.

అంతే. అందుకే స్పూను. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఒక్కసారీ అడగలేదు.

"ఏటే గుంటా, నా సేతులు అలా సూస్తన్నావు?" అంది.

రాసుకోడానికన్నాను.

"రాసుకో గానీ, ఆ సెంచా సంగతి రాయకే. నలుగురూ నవ్వుతారు."

మా ఇంట్లో దాన్ని స్పూను అనం, చెంచా అనే అంటాం. మొదటి అసైన్‌మెంట్లో మేడం మెచ్చిన ఆ ఒక్క వాక్యంలోనూ నేను దొరతనం వెలగబెట్టాను!

14 నవంబర్

నాలుగో ప్రతి క్లాసులో చదివాను. 'గుంట' అనగానే గుంటూరు అమ్మాయి, గుంట అంటే గొయ్యి కదా అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మార్చొద్దన్నారు మేడం.

చివరి పేరా తీసేయమన్నారు. తల్లి రుణం తీరదని అందులో ఒక మంచి వాక్యం ఉంది, నాకది ఇష్టం. ఆవిడ వాదించలేదు, చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివి రమ్మన్నారు. చదువు ఆగిపోయిన పిల్లాడి కథ. చదువు గొప్పదని అందులో ఎక్కడా లేదు, చదివాక మాత్రం నా గొంతు పట్టేసింది. పేరా కొట్టేశాను. యూనిట్లో ఘాటు గురించి రాసిన వాక్యమూ ఎక్కువైందన్నారు గానీ, దాన్ని తీయలేదు. ఆ ఒక్కదాంట్లో ఆవిడదే తప్పని ఇప్పటికీ అంటాను.

5 డిసెంబర్

మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందట. విశాఖలోనూ వానే. హాస్టల్ వరండాలో నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. చెంచా సంగతి రాసి, ఆమెకి చెప్పకుండా ఇచ్చేయడం నావల్ల కాలేదు. వద్దంటే కొట్టేద్దామని పెన్ను చేతిలో పట్టుకునే మొత్తం చదివాను. చెంచా దగ్గరికొచ్చేసరికి నా గొంతు తగ్గింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను పోయిందనుకున్నాను.

"ఒక కాడ తప్పు రాసినావే," అంది. "ఆవదం ఆ పక్కదానిది. నాను బూడిదే రాసుకుంటాను."

చెంచా ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

'ఆముదం' కొట్టేసి 'బూడిద' అని రాశాను. ఇది ఏడో ప్రతి. వాన తగ్గి కాలేజీ తెరవగానే ఇచ్చేయాలి.