పెరటి పాక

మొన్నటి వేసవిలో వంటచెరకును, పనిముట్లను దాచుకొనుటకు పెరటిలో నా చేతులతోనే యొక పాక వేయనారంభించితిని. ముప్పది యేండ్లు బడిలో లెక్కలు చెప్పి, దేహశ్రమ గౌరవమును గూర్చి సభలలో ఉపన్యసించినవాడను. గునపము పట్టి యెరుగను. ఆ సిగ్గే నన్నీ పనికి పురికొల్పెను.

మేకులు పాతి త్రాడు పట్టితిని గాని మూల కుదరలేదు. ఒకవైపు మూడు మూరలు, రెండవవైపు నాలుగు మూరలు కొలిచి, కొనల నడుమ ఐదు మూరలు వచ్చునట్లు జరిపినచో మూల సరియగును. దీనిని నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాసితినో! పెరటిలో పనికివచ్చునని అపుడే తోచినది. నిట్రాళ్ల మొదళ్లను చెదలు త్వరగా పట్టకుండ పైపైన కాల్చి, రెండడుగుల లోతున పాతితిని.

తాటాకు కప్పుచుండగా, ఏటేట మా పశువులశాల కప్పు నేయు వృద్ధుడు దొడ్డిగుమ్మమువద్ద నిలిచి, "ఈయేడు నన్ను పిలువలేదేమి బాబుగారూ?" అనెను.

నా పని నేను చేసికొనుట సంస్కారమనుకొంటిని. అది అతని రెండు దినముల కూలి యని తలపనైతిని. సభలలో ఈ ప్రశ్న నన్నెవ్వరును అడుగలేదు.

లోపలికి పిలిచితిని. ఇన్నేండ్లును మా యింట దోసిటితో నీళ్లు త్రాగినవాడు, అరుగుమీద కూర్చుండుమనగా సందేహించెను. నా భార్య మజ్జిగ గ్లాసు అతని చేతికే యిచ్చెను. మాకు ఇంతకాలమేల పట్టెనో!

కూలి మాటాడుకొని కప్పువైపు చూచినాడు. చూరునుండి మొదలుపెట్టి, పై వరుస క్రింది వరుసపై పడునట్లు నేయవలెనట. నేను పైనుండి మొదలుపెట్టియుంటిని. వేసినదంతయు ఇద్దరమును ఊడదీసితిమి. అతడు నవ్వలేదు, నేనే నవ్వితిని.