మూలస్వర త్యాగం: బిల్ ఎవాన్స్ వాద్యత్రయం

యాగమనగా ఏమి అన్న ప్రశ్నకు మీమాంసకులు అతిసంక్షిప్తమైన సమాధానం చెప్పారు. ద్రవ్యం, దేవత, త్యాగం అనే మూడింటి సమాహారమే యాగం. వీటిలో త్యాగమే ప్రాణం. హవిస్సును అగ్నిలో వేయడం కన్నులకు కనిపించే క్రియ. ఆ ద్రవ్యంపై తనకున్న స్వత్వాన్ని యజమాని మనస్సులో విడిచిపెట్టడం కనిపించని క్రియ. రెండవది లేనిచో మొదటిది నేతిని కాల్చడం మాత్రమే అవుతుంది.

ఈ త్యాగలక్షణాన్ని గ్రహించడానికి యజ్ఞశాలకు బహుదూరంలో ఉన్న ఒక దృష్టాంతం ఉపకరిస్తుంది. అది అమెరికా దేశపు జాజ్ సంగీతానికి చెందినది. పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్, డబుల్ బాస్ వాదకుడు స్కాట్ లఫారో, డ్రమ్స్ వాదకుడు పాల్ మోషన్ అనే ముగ్గురి గోష్ఠి 1959లో ఏర్పడి 1961లో ముగిసింది. రమారమి రెండు సంవత్సరాలే నిలిచిన ఆ త్రయం జాజ్ పియానో గోష్ఠుల స్వరూపాన్నే మార్చివేసింది. మార్చినది ఏదో అదనంగా చేర్చి కాదు, విడిచిపెట్టి.

ఎవాన్స్ 1929 ఆగస్టు 16న న్యూ జెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో జన్మించాడు. బాల్యం నుండే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని అభ్యసించాడు. షోపాన్, డెబ్యుసీ, రవెల్ వంటి స్వరకర్తల సున్నితమైన నాదవర్ణాలు ఆయన వ్రేళ్ళలో ఇంకిపోయాయి. 1958లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరి, కొద్ది మాసాలకే బయటకు వచ్చినా, 1959లో డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ను ధ్వనిముద్రణ చేసినప్పుడు మరల పియానో వద్ద కూర్చున్నాడు. ఆ రికార్డుకు పరిచయవ్యాసం వ్రాసినదీ ఆయనే. అందులో ఒక జపాను చిత్రకళారీతిని ఉదాహరించాడు. సన్నని పత్రంపై నీటిరంగు కుంచెతో గీసే ఆ రీతిలో గీత మధ్యలో ఆగితే పత్రం చిరిగిపోతుంది. దిద్దుబాటుకు అవకాశం లేదు. చేయి భావాన్ని అనుసరించవలసిందే. మధ్యలో ‘నేను గీస్తున్నాను’ అన్న ఆలోచన ప్రవేశిస్తే చిత్రం చెడుతుంది. కర్తృత్వబుద్ధి కర్మకు ఎట్లు విఘాతమవుతుందో చెప్పడానికి వేదాంతులు సైతం స్వీకరించదగిన ఉపమానమిది.

అంతకు ముందే, 1958 డిసెంబరులో, ఎవాన్స్ ఒంటరిగా ‘పీస్ పీస్’ అనే కృతిని వాయించాడు. ఎడమచేయి రెండు స్వరసముదాయాలను మాత్రమే ఉయ్యాలవలె ముందుకూ వెనుకకూ ఊపుతూ ఉంటుంది. ఆరు నిమిషాలకు పైగా సాగే ఆ వాదనంలో ఆ ఊపు మారదు. కుడిచేయి మాత్రం మొదట ప్రశాంతమైన చిన్న పలుకులతో ఆరంభించి, క్రమంగా అపస్వరాల వరకు పోయి, పక్షికూజితాల వలె చెదరి, చివరకు మొదటి శాంతిలోనికి తిరిగివస్తుంది. కూటస్థమన్న శబ్దానికి పెద్దలు కమ్మరి దాగలిని దృష్టాంతంగా చెబుతారు. దానిపై ఎన్ని ఇనుపముక్కలు ఎన్ని ఆకారాలు పొందినా దాగలి మారదు. ఈ కృతిలో ఎడమచేయి అటువంటిది. ఐతే ఇక్కడ ఆధారమూ, ఆధారంపై లీలా రెండూ ఒక్కని చేతులలోనే ఉన్నాయి. త్రయం ఏర్పడిన పిమ్మట జరిగినది వేరు.

దానిని గ్రహించడానికి కొంత సంగీతశాస్త్రం అవసరం. జాజ్‌లో ప్రతి స్వరసముదాయానికి, అనగా కార్డ్‌కు, ఒక మూలస్వరం ఉంటుంది. ఆ సముదాయానికి పేరు వచ్చేది దానివలననే. బడ్ పావెల్ వంటి పూర్వతరపు పియానో విద్వాంసుల ఎడమచేయి తరచుగా ఆ మూలస్వరాన్ని పట్టుకొని ఉండేది. ఎవాన్స్ ఎడమచేయి దానిని విడిచిపెట్టింది. ‘డీ మైనర్’ సముదాయం వాయించవలసిన చోట డీ లేకుండా ఎఫ్, ఏ, సీ, ఈ అనే నాలుగింటినే సన్నిహితంగా మ్రోగించేవాడు. ఈ పద్ధతి ఛాయలు ఇతరులలో ఉన్నా, దానిని ఒక సంపూర్ణ భాషగా తీర్చినవారిలో ఎవాన్స్ అగ్రగణ్యుడు.

ఇందులోని విశేషమేమనగా, ఆ నాలుగు స్వరాలకు తమంతట తమకు నిశ్చితమైన అర్థం లేదు. క్రింద బాస్ వాదకుడు డీ మీటితే అవి ఒక భావాన్ని పొందుతాయి. ఎఫ్ మీటితే మరొక భావాన్ని పొందుతాయి. అనగా పియానో విద్వాంసుడు తాను వాయించినదాని పేరును మరొకని చేతికి అప్పగించాడు. యజమాని విడిచిపెట్టే స్వత్వం వంటిదే ఇదీ. ద్రవ్యం తనది, దానికి అర్థమిచ్చే అధికారం మాత్రం ఇక తనది కాదు.

ఎవాన్స్ శైలిలోని ఇతర గుణాలు కూడ ఈ స్వభావానికే అనుగుణంగా ఉన్నాయి. ఒకేసారి అనేక స్వరాలు మ్రోగుతున్నా, పై స్వరం మాత్రం గాత్రంవలె పాడుతుంది. లోపలి స్వరాలు మెల్లగా, ఒక్కొక్క మెట్టుగా కదులుతాయి. నిదానంగా వినేవారికి, ఒక స్వరసముదాయం మరొకదానిగా మారడం తలుపు తెరచినట్లు గాక, సంధ్యాకాలంలో వెలుగు మారినట్లు వినవస్తుంది. తల మీటలకు తాకేంతగా వంచుకొని కూర్చునే ఆయన భంగిమ ప్రదర్శకునిది కాదు, వినేవానిది.

ఆధారాన్ని అప్పగించుకొన్నవాడు స్కాట్ లఫారో. ఎవాన్స్ కంటె ఏడేండ్లు చిన్నవాడు. అప్పటి సంప్రదాయంలో బాస్ వాదకుని విధి స్పష్టం. తాళానికి నాలుగు అక్షరాలుంటే నాలుగింటా ఒక్కొక్క స్వరం మీటుతూ నడవడం, పియానో తన భాగం ముగించిన తరువాత వంతు వస్తే కొంతసేపు తన విద్వత్తును చూపడం. కర్ణాటక కచేరీ ఎరిగినవారికి ఈ అమరిక అపరిచితం కాదు. ప్రధానగాయకుడు, అనుసరించే వయొలిన్, తన వంతుగా తని ఆవర్తనం పొందే మృదంగం అన్న క్రమం వంటిదే అది. ఎవాన్స్ ఆశయం వేరు. ఒకరి తరువాత ఒకరు గాక, ముగ్గురూ ఏకకాలంలో మనోధర్మాన్ని ప్రసరింపజేయాలి. లఫారో ఆ నాలుగు అడుగుల నడకను విడిచి, పియానో పలికిన వాక్యానికి పై స్థాయిలో బదులు పలికేవాడు. కొన్నిచోట్ల మాట పూర్తి కాకముందే అందుకొనేవాడు. కొన్నిచోట్ల ఒక్క స్వరం మీటి మౌనం వహించేవాడు. తనకు అప్పగింపబడిన మూలస్వరాన్ని ఆయన కూడ స్వంతం చేసుకోలేదు.

పాల్ మోషన్ చేసినదీ అదే. డ్రమ్స్ వాదకుడు తాళాన్ని విడువక కొట్టుతూ ఉండాలన్నది సామాన్యనియమం. మోషన్ సన్నని తీగల బ్రష్షులతో వాద్యచర్మాన్ని నిమురుతూ, తాళపత్రాన్ని ఒకసారి తాకి దాని నాదం ఆరిపోయేవరకు ఊరకుండేవాడు. తాళం పలుచోట్ల కొట్టబడదు, అయినా తప్పదు. ఆహతం కాకుండానే తెలియవస్తున్న ఆ లయను యోగశాస్త్రంలోని అనాహతనాదంతో సమీకరించడం అతిశయోక్తి అవుతుంది. కాని ముగ్గురిలో ఎవరూ పట్టుకోకపోయినా ముగ్గురినీ పట్టి ఉంచే వస్తువొకటి ఉండగలదన్న సత్యం అక్కడ చెవికి అందుతుంది. దేవతలు మనుష్యులను, మనుష్యులు దేవతలను పరస్పరం పోషించే యజ్ఞచక్రాన్ని గీత తృతీయాధ్యాయం వర్ణిస్తుంది. ఆ చక్రంలో ఎవరు తమ భాగాన్ని బిగపట్టినా చక్రం ఆగిపోతుంది.

1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్ నగరపు గ్రీనిచ్ విలేజ్‌లో ‘విలేజ్ వాన్‌గార్డ్’ అనే నేలమాళిగ సంగీతశాలలో ఈ త్రయం ఆనాడు ఐదు విడతలుగా వాయించింది, మధ్యాహ్నం రెండు, రాత్రి మూడు. రివర్‌సైడ్ సంస్థకు చెందిన ఓరిన్ కీప్‌న్యూస్ ఆధ్వర్యంలో అదంతా ముద్రితమైంది. ఆ ముద్రణలో సంగీతంతో పాటు గాజుపాత్రల చప్పుడు, మాటలు, నవ్వులు కూడ వినిపిస్తాయి. కొందరు వింటున్నారు, కొందరు వినడం లేదు. ‘మై ఫూలిష్ హార్ట్’ అనే గీతం అతివిలంబంగా సాగుతుండగా కూడ ఆ సవ్వడులు ఆగవు. వాదకులు ఆ కోలాహలాన్ని జయించడానికి తమ నాదాన్ని పెంచలేదు. మరింత మెల్లగా వాయించారు. ఫలాపేక్ష లేని కర్మకు శ్రోతల అవధానం కూడ ఒక ఫలమే. దానిని సైతం వారు కోరినట్లు వినిపించదు. ఆ రాత్రి చివరి విడతలో లఫారో స్వయంగా రచించిన ‘జేడ్ విజన్స్’ను రెండు పర్యాయాలు వాయించారు.

పదకొండు దినాల తరువాత, జూలై 6న, న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన కారు ప్రమాదంలో లఫారో మరణించాడు. వయస్సు ఇరువదియైదు సంవత్సరాలు.

ఎవాన్స్ కొన్ని మాసాలపాటు సభలలో వాయించలేదు. పియానో విద్వాంసుడు బాస్ వాదకుని కోల్పోవడం వృత్తిలో నష్టమే, కాని తీర్చరాని నష్టం కాదు, మరొకరిని పిలువవచ్చు. ఐతే తన స్వరాలకు అర్థమిచ్చే స్థానాన్ని మరొకనికి విడిచిపెట్టినవాని నష్టం అటువంటిది కాదు. ఆయన ఎడమచేతి క్రింద ఉన్న ఖాళీ అంతవరకు శైలి. ఇప్పుడది శూన్యం. ఆ ఆదివారపు ముద్రణల నుండి మొదట వెలువరించిన రికార్డును లఫారో వాదనం ప్రస్ఫుటమయ్యేటట్లు ఎంపిక చేశారు. అది ఆయన రచించిన ‘గ్లోరియాస్ స్టెప్’తో ఆరంభమై ‘జేడ్ విజన్స్’తో ముగుస్తుంది. ముఖపత్రంపై ఆయన పేరు కూడ ఉన్నది.

ఇక్కడ సాధకునికి ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. త్యాగం మోక్షహేతువు కదా, మరి ఇంతటి త్యాగం ఇంతటి దుఃఖానికి ఎట్లు దారితీసింది? ఉత్తరం త్యాగస్వరూపంలోనే ఉన్నది. ఎవాన్స్ స్వరాన్ని విడిచాడు, దానిని స్వీకరించినవానిని విడువలేదు. కర్తృత్వం సడలినా సంగం సడలలేదు. ఒకనికి చోటిచ్చినప్పుడు ఆ చోటు అతనిదిగానే మిగిలిపోతుంది. అతడు వెళ్ళిన తరువాత ఆ చోటే శోకస్థానమవుతుంది. ఇది ఎవాన్స్ లోపమని చెప్పడం సులభం. కాని సంగభయంతో ఎవరికీ చోటివ్వనివాడు అసంగుడు కాడు, లోభి మాత్రమే. గృహస్థులలో అధికసంఖ్యాకులు ఈ రెండింటి నడుమనే జీవిస్తారు.

ఆయన జీవితంలోని మరొక పార్శ్వాన్ని కూడ దాచరాదు. హెరాయిన్ వ్యసనం ఆయనను దీర్ఘకాలం పీడించింది, దేహాన్ని క్షీణింపజేసింది. మీటల ముందు సిద్ధించిన ఏకాగ్రత, మీటల నుండి లేచిన తరువాత ఆయనను రక్షించలేదు. ఆలంకారికులు రసానుభూతిని బ్రహ్మానందానికి సహోదరమన్నారు. సదానందుని ‘వేదాంతసారం’ మాత్రం నిర్వికల్పసమాధికి లయం, విక్షేపం, కషాయంతో పాటు రసాస్వాదాన్ని కూడ విఘ్నంగా లెక్కించింది. అక్కడి రసాస్వాదం కావ్యరసం కాకపోయినా, సూచన ఒక్కటే. మార్గమధ్యంలో దొరికిన ఆనందం గమ్యం కాదు. సహోదరుడు కూడ ఆ వ్యక్తి కాడు కదా. ఈ వివేకం ఉన్న శ్రోత ఎవాన్స్‌ను యోగిగా పూజించడు, వ్యసనపరుడని త్రోసివేయడు. రెండు చెవులతో వింటాడు.

1962లో చక్ ఇజ్రేల్స్ అనే బాస్ వాదకునితో త్రయం పునర్నిర్మితమైంది. మరుసటి సంవత్సరం ఎవాన్స్ ఒక విచిత్రమైన ప్రయోగం చేశాడు. ‘కాన్వర్సేషన్స్ విత్ మైసెల్ఫ్’ అనే రికార్డులో తన వాదనంపైననే తన వాదనాన్ని మరల మరల ముద్రించి, మూడు పియానోలనూ తానే వాయించాడు. ఆధారమూ తానే, సంవాదీ తానే. అక్కడ ఎవరూ మరణించే అవకాశం లేదు. ఆ రికార్డుకు గ్రామీ పురస్కారం లభించింది. అదే మార్గంలో నిలిచిపోవడానికి కావలసిన ప్రతిభ, కీర్తి రెండూ ఆయనకు ఉన్నాయి. ఆ తరహా ఏకాంతప్రయోగాలను ఆ తరువాత కూడ చేశాడు. కాని అక్కడే నిలిచిపోలేదు. 1966 నుండి పదకొండేండ్లు ఎడ్డీ గోమెజ్‌తో, 1978 నుండి మార్క్ జాన్సన్‌తో, మరల మరల త్రయంలోనికే వచ్చాడు. ఒకసారి శూన్యమైన ఆ స్థానాన్ని మరొకరికి, మరల మరొకరికి ఇచ్చాడు. త్యాగం ఒక్కసారి జరిగి ముగిసేది కాదు గనుకనే అగ్నిహోత్రం సాయంప్రాతఃకాలాలు రెండింటా విధింపబడింది.

1980 సెప్టెంబరు 15న ఎవాన్స్ యాభైయొకటవ ఏట మరణించాడు. అంతకు వారం ముందు వరకు శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని ‘కీస్టోన్ కార్నర్’ సంగీతశాలలో వరుసగా వాయించాడు. ఆ ముద్రణలు లభ్యమవుతున్నాయి. శరీరం అప్పటికి శిథిలమై ఉన్నది. ప్రక్కన బాస్ పట్టుకొని నిలిచిన మార్క్ జాన్సన్ వయస్సు ఇరువదియారు. పియానోపై ఎడమచేయి ఎప్పటివలెనే మూడవ స్వరం, ఏడవ స్వరం, వాటి చుట్టుప్రక్కల స్వరాలు మ్రోగించి ఆగుతుంది. మూలస్వరపు చోటు ఖాళీగా ఉంటుంది. ఆ యువకుడు దానిని మీటుతాడు.