బీడింగు వెనక



మీ వైపు వానలు బాగా పడుతున్నాయని రాశారు, సంతోషం. మాకింకా ఉక్కపోతే. నైరుతి మా నెల్లూరును పెద్దగా తడపదు. మా వానలు అక్టోబరు దాటాక ఈశాన్యం నుంచి రావాల్సిందే. అవి మొదలయ్యేలోపు ముగించాలనుకున్న పని ఒకటి మొన్ననే పూర్తయింది. మైపాడు దగ్గర రొయ్యల గుంటల గట్టున మా బావమరిది పెట్టుకున్న బండి సంగతి ఏమైందని మీలో చాలామంది అడిగారు కదా, ఈ ఉత్తరం దాని గురించే.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. వనామీ రొయ్య వేసినవాడికి రాత్రిళ్లు ఇంట్లో నిద్ర ఉండదు. చీకటి పడ్డాక గుంటలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం మానేస్తుంది, పీల్చుకోవడం మాత్రం ఆపదు. తెల్లవారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే, వెంటనే జనరేటర్ వేసే మనిషి గట్టు మీదే ఉండాలి. రేకుల షెడ్డులో పడుకుని పడుకుని విసిగిపోయిన మా బావమరిది, సినిమా షూటింగులకు తిరిగి తిరిగి పాతబడ్డ క్యారవాన్ ఒకటి చెన్నైలో దొరికితే కొని లాక్కొచ్చాడు. ఇంజను లేని రకం, ఇంకో బండికి తగిలించి లాగాలి.

బండిలో కాపురం అంటే మనకు ముందు గుర్తొచ్చేది 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథమే. పాత షెవర్లే వ్యాను అది. దానికి లేని సౌకర్యం ఒకటి మా బావమరిది బండికి ఉంది. బటను నొక్కితే సోఫాతో సహా ఒక పక్క గోడంతా బయటికి జరిగి, లోపల చోటు పెరుగుతుంది. గుంటల మీద పనిచేసే కుర్రాళ్లు దానికి ‘సొరుగు గది’ అని పేరు పెట్టేశారు. అమెరికాలో స్లైడ్ అవుట్ అంటారని అక్కడున్న మన పాఠకులకు తెలుసు. అక్కడి ఇలాంటి ట్రైలర్లలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. ఆ ప్రాంతపు న్యూమార్ కంపెనీ 1990లో ఇంజనున్న మోటారు ఇళ్లకు కూడా ఈ జరిగే గదిని తెచ్చింది.

ఈ ఎండాకాలం ఆ గది మొరాయించింది. ముందు వైపు బయటికి వచ్చింది, వెనక వైపు పైమూల కదల్లేదు. గది వంకరగా ఇరుక్కుని మోటారు మూలగడం మొదలుపెట్టింది. కుర్రాళ్లు మళ్లీ మళ్లీ బటను నొక్కి, ఇద్దరు బయటి నుంచి లాగడానికి సిద్ధమయ్యారు. అప్పుడే నెల్లూరు నుంచి వచ్చాడు మా మేస్త్రీ. లారీలకూ బస్సులకూ బాడీలు కట్టిన చెయ్యి. ‘బటను నొక్కబాకన్నా, ముందు లోపల ఊడదీసి చూద్దాం’ అన్నాడు. ఆ మాట వినడమే ఆ బండిని కాపాడింది.

ఈ గదిని జరిపే ఏర్పాట్లు అన్ని బళ్లకూ ఒక్క తీరుగా ఉండవు. కొన్నిటికి నేల కింద పళ్ల పట్టీ, దాని మీద దొర్లే పళ్ల చక్రం ఉంటాయి. వాటికి బండి కిందికి దూరి చూస్తే చాలు, లోపలి చెక్కను ముట్టుకోనక్కర్లేదు. కొన్నిటికి పక్క గోడల్లోనే రెండు మోటార్లు దాగి ఉంటాయి. మా బండిది తీగల రకం. ద్వారం మీద అడ్డంగా వేసిన పలక వెనక మోటారు, గొలుసు ఉన్నాయి. అక్కడి నుంచి ఉక్కు తీగలు కప్పీల మీదుగా నాలుగు మూలలకూ పోతాయి. ఒక్క తీగ వదులైనా గది వంకరపోతుంది. బటను నొక్కినకొద్దీ ఇంకా ఇరుక్కుంటుంది.

మేస్త్రీ ముందు బ్యాటరీ తీగ విప్పాడు. తర్వాత పలకల అంచుల్ని కప్పే బీడింగు పట్టీల దగ్గర కూచుని, చాలాసేపు వేలితో తడుముతూ ఉండిపోయాడు. ఏ పట్టీ ఏ పట్టీ మీద ఎక్కిందో చూస్తున్నాడు. చివర బిగించింది ముందు ఊడాలి కదా. చాలా స్క్రూలకు ప్లాస్టిక్ మూతలు పెట్టి చెక్క రంగు వేశారు, కొన్ని రబ్బరు పట్టీ కింద ఉన్నాయి. మిగతావన్నీ నెయిల్ గన్‌తో కొట్టిన సన్న పిన్నులు. బీడింగుకీ గోడకీ మధ్యనున్న సిలికాన్‌ని ముందు బ్లేడుతో పొడుగునా కోశాడు, లేకపోతే గోడ మీది కాగితం దానితో పాటే చిరిగి వచ్చేస్తుందట. పుట్టీ బ్లేడు సందులోకి తోసి, గోడ నొక్కుకుపోకుండా దాని వెనక పల్చటి చెక్క ముక్క పెట్టి, చివరి నుంచి జానెడు జానెడు చొప్పున లేపుతూ వచ్చాడు. ఎక్కడా గట్టిగా లాగలేదు. ఊడిన ప్రతి పట్టీ వెనకా పెన్సిల్‌తో నంబరు వేశాడు, మా బావమరిది సెల్లుతో ఫొటో తీశాడు. పట్టీకి అంటుకుని వచ్చిన పిన్నుల్ని ముందు నుంచి కొట్టకుండా పటకారుతో వెనక వైపు నుంచి లాగేశాడు. అందుకే పట్టీల ముఖం ఎక్కడా చెక్కుకుపోలేదు.

పై పలక దిగాక మేమందరం ఒకేసారి తలలు పైకెత్తి చూశాం. వెనక మూల కప్పీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తిరగని కప్పీ మీద రాసుకుని రాసుకుని తీగ పోగులు సగం తెగి, సూదుల్లా నిక్కి ఉన్నాయి. అల్యూమినియం చట్రం మీద ఉప్పులాంటి తెల్లటి పొడి. ఆ మూలనే ప్లైవుడ్ నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా దిగబడింది. పైన రబ్బరు చీలి, పోయిన ఏడాది ఈశాన్యపు జల్లులు లోపలికి దిగాయన్నమాట. బయటి నుంచి చూస్తే కొత్త బండిలా ఉండేది. సముద్రం ఇంత దగ్గరగా ఉంటే ఇనుము ఎంతకాలం నిలుస్తుందో మన తీరం వాళ్లకు చెప్పాలా?

తీగలు చెన్నై నుంచి తెప్పించాం. స్టెయిన్‌లెస్ అంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. బజార్లో ఎక్కువగా దొరికేది 304 రకం, ఉప్పుగాలికి దాని మీద కూడా మరకలు పడతాయి. మాలిబ్డినం కలిసిన 316 అడిగి తీసుకోవాలి, ధర ఎక్కువైనా సరే. కొత్త తీగ బిగించేటప్పుడు మేస్త్రీ ఒక స్పానరుతో తీగ కొసని కదలకుండా పట్టి, రెండో స్పానరుతో నట్టు తిప్పాడు. లేకపోతే తీగ మెలిపడుతుంది. కప్పీలు మార్చాం, కుళ్లిన ప్లైవుడ్ కోసి కొత్తది వేశాం, పైన రబ్బరు మార్చాం. బండిని తిప్పి, జరిగే గది పడమటి వైపుకు వచ్చేలా నిలబెట్టాం. మా దగ్గర వాన సముద్రం వైపు నుంచి కొడుతుంది కాబట్టి ఇది ముందే చేయాల్సిన పని అని నాకనిపించింది.

పట్టీల్ని తిరిగి బిగించేటప్పుడు పిన్నులు కొట్టొద్దని మా బావమరిదే అన్నాడు. ఇప్పుడు అన్నీ స్క్రూలే, తలలు కనిపిస్తూనే ఉన్నాయి. నా కంటికి అదే అందం. బండి కట్టేవాళ్లు లోపలి చెక్కపనిని ఎంత నున్నగా చేశారో కాదు, రేపు రిపేరుకి వచ్చినవాడు దాన్ని ఎంత తేలిగ్గా విప్పుకోగలడో చూసి మెచ్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. తీగలూ కప్పీలూ అరిగేవే. అరిగేదాన్ని అతికించిన పలక వెనక దాచడం కొన్నవాడికి చేసే అన్యాయం.

‘మాకు బండీ లేదు, సముద్రమూ లేదు, ఇదంతా ఎందుకు?’ అంటారేమో. మీ హాల్లో టీవీ వెనక అతికించిన ప్యానెల్ ఉంది కదా? చెమ్మ కనపడకుండా గోడకి వేయించిన పీవీసీ పలకలు? వంటింట్లో సింకు పైపుకి అడ్డంగా మేకులు కొట్టేసిన చెక్క? ఈసారి కార్పెంటర్ వచ్చినప్పుడు అవన్నీ స్క్రూలతోనే వేయమని అడగండి. డాలస్‌లోనో అట్లాంటాలోనో ట్రైలర్ కొనాలని చూస్తున్న మన పిల్లలకు కూడా చెప్పండి, సోఫా రంగు చూసే ముందు, గది జరిపే యంత్రం ఎక్కడుందో, దాన్ని చేరాలంటే ఏ పలక ఊడదీయాలో చూపించమని అడగమనండి.

మీ ఇంట్లో అలా మూసేసిన మూల ఏదైనా ఉంటే, వీలు చూసుకుని ఒక్క పట్టీ విప్పించి చూడండి. వెనక ఏం కనిపించిందో నాకు చెప్పండి.

ఇట్లు,
మీ నెల్లూరు మిత్రుడు