పూతలపట్టు: దారులు కలిసే చోట ఒక సెలవు రోజు

చిత్తూరు జిల్లాలోని పూతలపట్టు మండల కేంద్రం, కర్నూలు నుంచి కడప, పీలేరు మీదుగా చిత్తూరు వైపు సాగే 40వ నంబరు జాతీయ రహదారి, తిరుపతికి వెళ్లే 140వ నంబరు రహదారి కలుసుకునే చోట ఉన్నందువల్ల, వేలాది యాత్రికులకు పేరు తెలిసినా చాలామంది దిగి చూడని ఊరుగానే మిగిలిపోయింది. తిరుమల యాత్రలో భాగంగా ఈ కూడలిని దాటిపోయే కుటుంబాలు ఇక్కడి ఆలయాలకూ తోటలకూ తిండికీ విడిగా ఒక రోజు కేటాయిస్తే, దక్షిణ రాయలసీమ జీవనంలోని ప్రధానాంశాలన్నీ ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి. ఆ రోజు మామిడి కాలంలో, అంటే మే నుంచి జూలై లోపల పడితే మరింత మంచిది.

పూతలపట్టు పేరు తెలుగు సాహిత్య చరిత్రలోనూ ఉంది. తమిళ కంబ రామాయణాన్ని తెలుగు చేసిన పండితుడు పూతలపట్టు శ్రీరాములురెడ్డి ఇంటిపేరులో ఈ ఊరు నిలిచి ఉంది. రెండు భాషలూ ఎరిగిన ఇలాంటి పాండిత్యం ఈ నేలకు సహజమైనది. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలను కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసినప్పటి నుంచి, 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరేవరకు, సరిహద్దు గీతలు మారినా ఇరువైపుల కుటుంబాల రాకపోకలు తగ్గలేదు. కాట్పాడి నుంచి పాకాల జంక్షన్‌కు వచ్చే రైలు మార్గం కూడా ఈ మండలం గుండానే సాగుతూ వేలూరును, తిరుపతిని కలుపుతోంది.

ఉదయాన్నే చూడవలసినది పక్కనున్న ఐరాల మండలంలోని కాణిపాకం. ఇక్కడి వరసిద్ధి వినాయకుడు స్వయంభువు, అంటే ఎవరూ ప్రతిష్ఠించకుండా తనంత తానే వెలసిన మూర్తి అని భక్తుల విశ్వాసం. గుడ్డి, మూగ, చెవిటి సోదరులు ముగ్గురు ఎండిన బావిని లోతు చేస్తుండగా పార రాతికి తగిలి రక్తం పైకి చిమ్మిందనీ, రక్తం కలిసిన ఆ బావి నీరు తాకగానే ముగ్గురి వైకల్యాలూ తొలగిపోయాయనీ స్థలపురాణం చెబుతుంది. స్వామి నేటికీ ఆ బావిలోని నీటి మధ్యనే ఉంటాడు. విగ్రహం పెరుగుతూ ఉందని భక్తులు నమ్ముతారు, అందుకు నిదర్శనంగా కొన్ని దశాబ్దాల కిందట చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని చెబుతారు. గుడి తొలి నిర్మాణాన్ని చోళరాజు మొదటి కులోత్తుంగుడికీ, తరువాతి విస్తరణను విజయనగర ప్రభువులకూ ఆపాదిస్తారు. ఆలయాన్ని పునర్నిర్మించి 2022 ఆగస్టులో మహాకుంభాభిషేకం జరిపారు.

ప్రమాణాల దేవుడిగా ఈ స్వామికి ఉన్న ప్రసిద్ధి అన్నిటికన్నా గమనించదగినది. అప్పు తీర్చానని ఒకరు, తీర్చలేదని మరొకరు అన్నప్పుడు, సాక్ష్యం లేని తగవు తెగనప్పుడు, తాగుడు మానతానని మాట ఇవ్వవలసి వచ్చినప్పుడు, జనం ఇక్కడికి వచ్చి తడిబట్టలతో ప్రమాణం చేస్తారు. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్న సవాలు పల్లె రచ్చబండల మీదే కాక రాష్ట్ర రాజకీయ వేదికల మీద కూడా వినిపిస్తుంది. న్యాయస్థానాలు అందుబాటులో ఉన్న కాలంలోనూ ఒక ఆలయం ఇంతటి నైతిక అధికారాన్ని నిలుపుకోవడం గౌరవించవలసిన విషయం. పక్కన పారే బాహుదా నదికి కూడా నేరం, శిక్షల కథే ఉంది. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములలో తమ్ముడు ఆకలి ఆపుకోలేక రాజుగారి తోటలో మామిడిపండు తిన్నాడనీ, రాజు అతని చేతులు నరికించాడనీ, ఈ నదిలో మునగగానే అవి తిరిగి వచ్చాయనీ ఐతిహ్యం. ఆలయ వీధుల్లోని దుకాణాలలో పసుపు కుంకుమలు, గాజులు, ఇత్తడి దీపపు కుందులు, పిల్లల బొమ్మలు దొరుకుతాయి. వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాలలో ఈ వీధులు క్రిక్కిరిసి ఉంటాయి కాబట్టి, చిన్నపిల్లలతో వచ్చేవారు మామూలు రోజును ఎంచుకోవడమే మేలు.

కాణిపాకం తరువాత తవణంపల్లె మండలంలోని అరగొండకు వెళ్లవచ్చు. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుండగా అందులో సగం ఇక్కడ పడిందని చెప్పుకునే కొండ మీద అర్ధగిరి వీరాంజనేయ స్వామి ఆలయం ఉంది. అక్కడి కోనేటి నీరు రోగాలను పోగొడుతుందనే నమ్మకంతో భక్తులు సీసాలలో నింపుకుపోతారు. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం అరగొండే. దూరాన ఉన్న వైద్యుడు తెర మీద రోగిని పరీక్షించే దూరవైద్య సేవను ఆ సంస్థ 2000లో ఇక్కడే ప్రారంభించింది.

మధ్యాహ్న భోజనం సంగటి అయితేనే ఈ రోజు నిండుతుంది. బియ్యం మెత్తగా ఉడుకుతుండగా రాగిపిండి పోసి, తెడ్డుతో ఉండలు కట్టకుండా గెలికి, వేడిమీదనే తడిచేత్తో ముద్ద చేసే ఈ ఆహారం, నీటి ఎద్దడిని తట్టుకునే పంట మీద ఆధారపడి బతికిన మెట్టప్రాంతానిది. దానికి నాటుకోడి పులుసు తోడు కావడం పండుగ ఏర్పాటు. రోజువారీ తోడు వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో నూరిన ఊరిబిండి. మాంసం తిని గుడికి వెళ్లడం ఇక్కడివారికి సమ్మతం కాదు కనుక, దర్శనాలు ముగిశాకే పులుసు జోలికి వెళ్లడం మర్యాద. శీతకాలంలో వచ్చినవారికి మరో భాగ్యం ఉంది: నానబెట్టిన అనపగింజలను వేళ్లతో నొక్కి తోలు తీసి వండే పితికిపప్పు. ఇంటిల్లిపాదీ కూర్చుని గింజలు పితకవలసిన వంటకం కావడంతో దీని రుచి హోటళ్లలో కన్నా ఇళ్లలోనే బాగా తెలుస్తుంది.

కొనుగోళ్లకు తలమానికం మామిడి. పాకాల మండలంలోని దామలచెరువు, దక్షిణాన బంగారుపాళెం పేరున్న మామిడి మార్కెట్లు. బంగినపల్లిని ఇక్కడ బేనీషా అంటారు. అల్ఫోన్సోను ఖాదరు అని పిలుస్తారు. కుటుంబాలు తినడానికి కొనేవి ఇవే అయినా, జిల్లా తోటలలో అధికభాగం చిలుకముక్కు వంటి కొన ఉన్న తోతాపురిది, అది ఎక్కువగా గుజ్జు పరిశ్రమలకు వెళ్తుంది. పరిశ్రమలు కొనకపోతే రైతుకు దిక్కు లేదన్న సంగతి 2025లో స్పష్టంగా బయటపడింది: ధర పడిపోయి లారీలు, ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరగా, పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేయవలసి వచ్చింది. బుట్టెడు పండ్లు బేరమాడి కొనే సందర్శకులు ఈ లెక్కను గుర్తుంచుకోవడం న్యాయం. మామిడి కాలం కానప్పుడు మామిడి తాండ్ర, చిత్తూరు బెల్లం మంచి కొనుగోళ్లు.

దామలచెరువు వద్దనే 1740లో రఘోజీ భోంస్లే నాయకత్వంలోని మరాఠా సేన చేతిలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ ప్రాణాలు కోల్పోయాడు. 1782లో హైదర్ అలీ మరణించినది కూడా చిత్తూరుకు సమీపంలోని నరసింగరాయునిపేట వద్దనే. మైసూరు పీఠభూమినీ ఆర్కాటు మైదానాన్నీ కలిపే కనుమదారులు ఈ ప్రాంతంలో ఉన్నందువల్ల సైన్యాలు పదేపదే ఇటే నడిచాయి.

సాయంత్రానికి తిరుపతి దారిలోని చంద్రగిరి చేరుకోవాలి. విజయనగర రాజులు పెనుకొండ తరువాత రాజధాని చేసుకున్న ఈ కోటలో రాజమహల్, రాణిమహల్ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రాజమహల్‌లో పురావస్తుశాఖ ప్రదర్శనశాల ఉంది. ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం దక్కిన 1639 నాటి దానం ఈ రాజుల పాలనాకాలానిదే. ప్రదర్శనశాల చీకటి పడకముందే మూసివేస్తారు కనుక, మామిడి మార్కెట్టులో ఆలస్యమైనవారు కోటను మరునాటికి ఉంచుకుని తిరుపతిలో బస చేయడం తెలివైన పని.