నలభై వజ్రాల హిసాబ్

నేను ఆటల సర్వర్ల గురించి రాస్తానని మీరెవరూ అనుకొని ఉండరు. కానీ ఈ మసలా ఇప్పుడు మన ఇళ్లలోకి వచ్చేసింది. పిల్లలు రియాద్‌లో ఉన్న చాచా కొడుకుతో, షికాగోలో ఉన్న ఖాలా కూతురుతో ఒకే మైదానంలో ఆడుతున్నారు. ఆ మైదానాన్ని ఎవరో ఒకరు తమ ఇంట్లో కంప్యూటర్ మీద నడపాలి. మా ఖాందాన్‌లో ఆ జిమ్మేదారీ నా భాంజాది. ఇంజనీరింగ్ రెండో ఏడు. పాత డెస్క్‌టాప్ ఒకటి బాగుచేసుకొని మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టాడు. ఆడేది మొత్తం పదకొండు మంది.

రంజాన్‌లో ఒక రాత్రి, తరావీహ్ అయ్యాక ఆట మొదలైంది. అందరికీ ఉమ్మడిగా ఒక పెట్టె ఉంది, అందులో నలభై వజ్రాలు. రియాద్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు, పన్నెండేళ్లవాడు, ఆ నలభై తీసుకొని సహ్రీకి లేవాలని ఆట నుంచి బయటికి వెళ్లిపోయాడు. క్షణాల్లో ఇక్కడ కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే పెట్టెలో నలభై అలాగే ఉన్నాయి, వాడి జేబులోనూ నలభై ఉన్నాయి! హ్యాక్ చేశాడన్నారు. ఒకడు చోర్ అనేశాడు. వాడు ఫోన్‌లో ఏడుస్తూ, "మై కుచ్ నై కియా, బడే అబ్బా" అంటాడు. పిల్లల మాట పెద్దలకు పాకింది. మా ఆపాకూ, తమ్ముడి భార్యకూ రెండు రోజులు మాటల్లేవు.

విలేకరిని కదా, ఇల్జాం ఉన్నచోట సబూత్ అడగడం అలవాటు. భాంజాను కూర్చోబెట్టి, ఏ హిసాబ్ ఎక్కడ రాస్తున్నావో చూపించమన్నాను.

చూపించాడు. అంతా మామూలు ఫైళ్లే. ఎవరిని లోపలికి రానివ్వాలో ఒక ఫైలు, ఎవరిని నిషేధించారో ఇంకొకటి. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఆటలోని నేల ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క 16 గడుల పొడవు, 16 వెడల్పు. అలాంటి 1,024 ముక్కలు కలిపి ఒక ఫైలు. ఆటగాడి జేబు సంగతి మాత్రం వేరు, మనిషికొక ఫైలు. పెట్టె నేలలో భాగం కాబట్టి దాని లెక్క నేల ఫైలులో ఉంటుంది.

మసలా అంతా ఇక్కడే ఉంది. ఆటగాడు బయటికి వెళ్లగానే అతని ఫైలు రాసేస్తారు. పక్కన ఇంకా ఎవరైనా ఆడుతుంటే నేలను మాత్రం కాసేపటికోసారి రాస్తారు. ఈ రెండు రాతల మధ్య కరెంటు పోతే ఒక ఖాతాలో కొత్త లెక్క, ఇంకో ఖాతాలో పాత లెక్క మిగులుతాయి. వాడు వజ్రాలు తీయడానికి బదులు పెట్టెలో పెట్టి వెళ్లి ఉంటే? జేబు ఖాళీ, పెట్టె ఖాళీ. నలభై మాయం. అప్పుడు ఇల్జాం ఇంకెవరి మీదనో పడేది. ఇక్కడ కసూర్ కరెంటుది, పిల్లాడిది కాదు. ఈ మాట గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టి చెప్పించాను. రెండో నలభైని పిల్లలు మష్వరా చేసుకొని లావాలో పారేశారు.

"అయితే అంతా డేటాబేస్‌లోకి మార్చేస్తా మామూ, మైఎస్‌క్యూఎల్ పెడతా" అన్నాడు భాంజా. వాడి నియ్యత్ మంచిదే. ఆటలో బజారు తెరిచి నాణేలతో సామాన్లు అమ్మాలని కూడా వాడి ఆలోచన. నాణేల లెక్క డేటాబేస్‌లో పెడతాడట. మరి సామాను? అది ఆట తన ఫైలులోనే రాసుకుంటుంది. అంటే సొమ్ము ఒక మున్షీ దగ్గర, సరుకు ఇంకో మున్షీ దగ్గర. కరెంటు పోయిన రాత్రి ఇద్దరూ చెరో మాట చెబుతారు. డేటాబేస్ చేసే మేలు ట్రాన్సాక్షన్: ఇచ్చింది, పుచ్చుకుంది కలిపి ఒకే రాతగా రాస్తుంది, కుదరకపోతే రెండూ రాయదు. కానీ ఆ పూచీ తన పుస్తకంలో ఉన్న లెక్కలకే. పక్కవాడి పుస్తకానికి అది గవాహీ ఇవ్వలేదు.

సూరె బఖరలో 282వ ఆయత్, ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైనది, అప్పును రాసుకోవడం గురించీ సాక్షుల గురించీ. చిన్నప్పుడు అంత పెద్ద ఆయత్ దీనికెందుకా అనిపించేది. ఆపా ఇంట్లో జరిగింది చూశాక అనిపించడం లేదు.

పెద్ద ఆటల్లో సంగతి వేరు. ఐస్‌లాండ్ వాళ్ల ఈవ్ ఆన్‌లైన్, 2003లో వచ్చింది, వేలమంది ఒకే ప్రపంచంలో బేరాలు చేస్తారు. దాని వెనక పెద్ద డేటాబేస్ సర్వరే ఉంది. బేరమే ఆట అయినచోట అది లేకుండా కుదరదు. ఇటు 1990లో కోపెన్‌హేగన్ యూనివర్సిటీ విద్యార్థులు రాసిన డీకూమడ్ అనే అక్షరాల ఆట మామూలు ఫైళ్లతోనే నడిచింది. దాని మీద కట్టిన ఆటలు ఏళ్ల తరబడి అలాగే సాగాయి. పదకొండు మంది కజిన్లకు ఈవ్ అంత దఫ్తర్ ఎందుకు?

మధ్యే మార్గం ఒకటి ఉంది, ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో చేశారు. విడిగా సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలే. లెక్క మార్చేముందు పాత లెక్కను పక్కనే 'జర్నల్' అనే ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ తెరిచినప్పుడు ఆ జర్నల్ చూసి పాత స్థితికి తెస్తుంది. జర్నల్ అంటే మన రోజ్‌నామాయే కదా! నా పేశాకూ ఆ మాటకూ ఉన్న రిష్తా చూసి కాస్త ముచ్చటేసింది. ఎస్‌క్యూలైట్‌లో ఒకసారికి ఒక్కరే రాయగలరు. ఇంటి ఆటకు అది చాలు. రేపు భాంజా రెండు సర్వర్లు పెట్టి, రెండింటికీ నాణేల ఖాతా ఒకటే ఉండాలంటే అప్పుడు మైఎస్‌క్యూఎల్ పెట్టుకోనీ.

చివరికి ఫైసలా ఇదీ. నేల, జేబులు ఆట రాసినట్టే ఫైళ్లలో ఉంటాయి. నాణేలు ఎస్‌క్యూలైట్‌లోకి వెళ్తాయి. సామాను అమ్మే బజారు ప్రస్తుతానికి లేదు. నాణేలు పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు, అందులో రెండు వైపులా ఒకే పుస్తకంలో ఉంటాయి కనుక భయం లేదు. అన్నిటికన్నా ముందు, వాడికి డేటాబేస్ కాక యూపీఎస్ కొనిచ్చాను. కరెంటు పోతే బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్‌ను 'స్టాప్' అని పద్ధతిగా ఆపుతాడు. ఆగేముందు అది అన్నీ రాసుకుంటుంది. రోజూ ఇషా తర్వాత 'సేవ్-ఆఫ్' అని రాత ఆపి, 'సేవ్-ఆల్ ఫ్లష్' అని మిగిలింది రాయించి, ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, 'సేవ్-ఆన్' కొడతాడు. ఆ పెన్‌డ్రైవ్ మా ఆపా బీరువాలో, నగల పక్కన ఉంటుంది.