ఆదివారం సత్యోపదేశం

మా ఊళ్లో ప్రతి ఆదివారం దివ్యపూజ ఉండేది కాదు. ఫిరంగిపురం అవతల మిరప, పత్తి పండే మెట్ట పల్లె మాది. విచారణ గురువులు ఒక్కరు, ఊళ్లు చాలా. ఆయన రాని వారం ఉపదేశి గారే ప్రార్థన నడిపేవారు, పాట ఎత్తుకునేవారు. గుడి బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్తే మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునేవారు. ఆడవాళ్లంతా చెంగు తల మీదికి లాక్కునేవారు. పీఠం దగ్గర గంట కొట్టేదీ, ధూపం పట్టేదీ మగపిల్లలు. గుడి ఊడ్చేదీ, పీఠం గుడ్డలు ఉతికేదీ, పూలు కట్టేదీ ఆడవాళ్లు. ఈ పనులన్నీ దేవుడే పంచిపెట్టాడని పిల్లలందరం అనుకునేవాళ్లం.

1993లో ఒక సిస్టరమ్మగారు మా సత్యోపదేశం తరగతికి రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం బస్సు దిగి నడిచి వచ్చి, వేపచెట్టు మొదలుకి నల్లబల్ల ఆనించేవారు. అప్పటిదాకా మాకు తెలిసిన సత్యోపదేశం అంటే ప్రశ్న, జవాబు, కంఠస్థం. ఆమె ప్రశ్న వేసి, మా నోట జవాబు వచ్చేదాకా ఆగేవారు.

"పసిబిడ్డ ప్రాణం మీదికొచ్చింది. ఫాదర్ గారు ఊళ్లో లేరు. జ్ఞానస్నానం ఎవరివ్వాలి?"

"ఉపదేశి గారు!"

"ఆయన పొలం వెళ్లారు."

ఎవ్వరం మాట్లాడలేదు.

"మీ నాయనమ్మ ఇవ్వొచ్చు" అన్నారు నా వైపు చూసి. ప్రాణాపాయంలో ఆడైనా మగైనా సరే, శ్రీసభ ఏ ఉద్దేశంతో ఇస్తుందో అదే ఉద్దేశంతో నీళ్లు పోసి త్రిత్వం పేరు పలికితే అది నిండు జ్ఞానస్నానమేననీ, తర్వాత ఫాదర్ గారు వచ్చినా మళ్లీ ఇవ్వరనీ చెప్పారు. ఇంటికి పరిగెత్తి నాయనమ్మకి చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "మీ అత్తకి ఇచ్చింది నేనే. పుట్టగానే బిడ్డ నీలంగా తిరిగింది, ఇంక ఎవరి కోసం చూస్తాను?" అంది, చేటలో బియ్యం చెరుగుతూనే.

ఆ మరుసటి వారం ప్రశ్న పెళ్లి గురించి. జ్ఞానవివాహం చేసేదెవరు? ఫాదర్ గారన్నాం. కాదన్నారు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఆ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకుంటారు, ఫాదర్ గారు శ్రీసభ తరఫున నిలబడే సాక్షి. పెళ్లికూతురు మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే అసలు పెళ్లే లేదు. అరుగుల మీద కట్నం బేరాలు వింటూ పెరిగిన పిల్లలకి ఆ మాట చిన్నది కాదు.

మా తరగతిలో ఒక పిల్ల ఉండేది, మనసులో మాట దాచుకోలేదు. "మరి మేం పీఠం దగ్గర సేవ ఎందుకు చెయ్యకూడదు? ఫాదర్ ఎందుకు కాకూడదు?" అని లేచి అడిగింది. మగపిల్లలు నవ్వారు. సిస్టరమ్మగారు నవ్వనూ లేదు, కసురుకోనూ లేదు. నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి ఒక పక్క 'మారనిది' అని, రెండో పక్క 'మారగలది' అని రాశారు.

గురుత్వాన్ని మొదటి పక్కన రాశారు. యేసు పన్నెండుమందినీ మగవాళ్లనే ఎంచుకున్నారు, పూజలో గురువు క్రీస్తు స్థానంలో నిలబడతారు, దాన్ని మార్చే అధికారం తనకు లేదని శ్రీసభ నమ్ముతుంది. "గురుత్వం ఎవరి హక్కూ కాదు, పిలుపు. ఎక్కువ తక్కువలు దానితో కొలవకండి. పునీతులందరికంటే మనం మిన్నగా గౌరవించేది మరియమాతని. ఆమె గురువు కాదు" అన్నారు. ఆ పిల్ల ముఖంలో తృప్తి కనబడలేదు. సిస్టరమ్మగారు అదీ గమనించారు, కానీ ఆమెని ఒప్పించాలని పట్టుబట్టలేదు.

రెండో పక్కన చాలా చేరాయి. తల మీద చెంగు: 1917 నాటి శ్రీసభ చట్టంలో ఉంది, 1983 చట్టంలో లేదు. ఆడా మగా విడివిడిగా కూర్చోవడం, గుడి ఊడవడం కూడా ఇక్కడే. పీఠసేవ దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్నీ రెండో పక్కనే రాశారు. "ఇప్పటికి మగపిల్లలకే. ఎప్పటికీ ఇంతేనని మాత్రం నేను చెప్పను."

1994 మార్చిలో రోము నుంచి ఉత్తరం వచ్చింది. పీఠాధిపతి అనుమతిస్తే ఆడపిల్లలూ పీఠసేవ చేయవచ్చు. మే 22న రెండో జాన్ పాల్ పోప్ గారి ఉత్తరం వచ్చింది. స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకు లేదు. వేపచెట్టు కింది నల్లబల్ల మీద రెండూ సరైన చోటే ఉన్నాయి. ఆచారాన్ని దేవుడి మాటగా నేర్పితే, ఆచారం మారిన రోజున పిల్లలు దేవుడి మాటనే అనుమానిస్తారు. ఆమె మమ్మల్ని ఆ ప్రమాదం నుంచి కాపాడారని ఈ రోజుకీ నమ్ముతాను. మా ఊళ్లో ఆడపిల్లలు పీఠం దగ్గర నిలబడేనాటికి, అడిగిన పిల్లకి పెళ్లయి కాపురానికి వెళ్లిపోయింది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మగవాళ్ల పాత్ర అంటే ఫాదర్ కావడమే అనుకునే మగపిల్లలకీ ఆమె పాఠం పెట్టారు. "ఇంట్లో సాయంత్రం జపమాల ఎవరు మొదలుపెడతారు?" అందరిళ్లలోనూ అమ్మే. నాన్న? బయట మంచం మీద. సువార్తల్లో జోజప్పగారు పలికిన మాట ఒక్కటీ లేదనీ, తల్లినీ బిడ్డనీ రాత్రికి రాత్రి ఐగుప్తుకు తీసుకువెళ్లి కాపాడింది మాత్రం ఆయనేననీ చెప్పి, ఆ వారం నాన్నల చేత జపమాల మొదలుపెట్టించమన్నారు. మా తమ్ముడు అడిగితే నాన్న "నాకు రాదురా" అని అటు తిరిగి పడుకున్నాడు. గురువారం రాత్రి తనంతట తానే లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. సంతోష దేవరహస్యాల వరస తప్పినప్పుడల్లా అమ్మ మెల్లగా అందించింది. తర్వాత వారానికోసారి ఆయనే నడిపేవాడు. అమ్మ ఆ రోజు పెందలాడే వంట ముగించేది.

డాక్టర్ మేరీ గ్లోరీ గారి కథ విన్నదీ సిస్టరమ్మగారి దగ్గరే. ఆస్ట్రేలియాలో వైద్యం చదివి 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో సిస్టర్ అయ్యారు. మఠకన్యలు వైద్యం చేయడం ఆనాటి శ్రీసభ నియమాలకు ఒప్పని పని. ఆమెకు పోప్ గారి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. కాన్పులు చూసేందుకు మిషన్ దేశాల సిస్టర్లందరికీ రోము దారి తెరిచింది 1936లో. మగ డాక్టరు చేత చెయ్యి పట్టించుకోని ఘోషా ఇళ్ల ఆడవాళ్లు కూడా ఆమె దగ్గరికి వచ్చేవారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటినీ కలిపే సంఘానికి ఆమే పునాది వేశారు. ఆ కథ చెప్పినప్పుడు సిస్టరమ్మగారు నల్లబల్ల ముట్టుకోలేదు. రెండో పక్కన రాయాల్సిందేమిటో మాకే తెలిసిపోయింది.

ఇప్పుడు గుంటూరులో భద్రమైన అభ్యంగనానికి సిద్ధపడే పిల్లలకు నేను పాఠం చెబుతాను. మొదటి రోజే ఆ గీత గీస్తాను. రెండో పక్కన ఇప్పుడు ఇంకొన్ని చేరాయి. పవిత్ర గురువారం స్త్రీల పాదాలూ కడగవచ్చని 2016లో అనుమతి వచ్చింది. అదే ఏడు మగ్దలా మరియ స్మరణ అపోస్తలుల పండుగలతో సమానమైన పండుగ అయింది. 2021లో పఠన, పీఠ సేవల పదవులు అధికారికంగా స్త్రీలకూ దక్కాయి. పోయినేడు ఒక అమ్మాయి స్త్రీలు డీకన్లు కావచ్చా అని అడిగింది. 2016లోనూ 2020లోనూ పోప్ ఫ్రాన్సిస్ గారు దానిపై పరిశీలన సంఘాలు వేశారనీ, అనుమతి మాత్రం రాలేదనీ ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత రోమీయుల లేఖ పదహారో అధ్యాయం తెరిపించాను. ఫేబేతో మొదలుపెట్టి, పౌలు అక్కడ తలచుకున్న ఆడవాళ్లందరినీ నోట్‌బుక్కులో రాసుకోమన్నాను. మగపిల్లల్ని కూడా. పై వారం తరగతి ఆ ఆడవాళ్ల గురించే.