కొత్తవాడికి చిన్న బస్తా

సెమిస్టర్ మొదలైన మొదటి రెండు వారాలు మన కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిమ్‌లో డంబెల్ దొరకాలంటే క్యూలో నిలబడాలి. మిడ్స్ వచ్చేసరికి సగం ఖాళీ. వెళ్ళినవాళ్ళంతా ఎటుపోయారు అంటే ఒకడికి భుజం పట్టేసింది, ఒకడికి నడుము, ఒకడికి బద్ధకం. నేను మెకానికల్. లోడు వేస్తే ఇనుము ఏమవుతుందో నాలుగు సెమిస్టర్లు చదివాను. లోడు వేస్తే మనిషి ఏమవుతాడన్నది మాత్రం సిలబస్‌లో లేదు. పోయిన ఏడాది మా రూమ్మేట్ పుణ్యమా అని అది కొంత చదవాల్సి వచ్చింది. మిగతాది మా నాన్న దగ్గర తెలిసింది. ఆ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందు మంచి వార్త. జిమ్‌లో చేరిన కొత్తలో బలం చాలా తొందరగా పెరుగుతుంది. మొదటి రోజు 20 కిలోల ఖాళీ బార్ పట్టుకుంటేనే చేతులు గడగడా వణుకుతాయి. మూడో వారానికి అదే బార్‌కి రెండు పక్కలా ప్లేట్లు ఎక్కుతాయి. ఇంకేముంది, కండలు వచ్చేశాయి అనుకుని అద్దం ముందు నిలబడి ఫొటో తీసుకుంటాం. కానీ టేపు పెట్టి కొలిస్తే చెయ్యి దాదాపు అంతే ఉంటుంది. మరి ఆ బలం ఎక్కడిది?

చాలావరకు నరాలది. మన కండలో వేల పోగులుంటాయి. అవి గుంపులు గుంపులుగా ఒక్కో నరం చేతి కింద పనిచేస్తాయి. కొత్తవాడి మెదడుకి ఆ గుంపులన్నిటినీ ఒకేసారి పనిలోకి దించడం రాదు. కొన్ని లాగుతుంటే కొన్ని ఊరికే ఉంటాయి, ఎదురు దిక్కున ఉన్న కండ అడ్డం పడుతుంది. తిరునాళ్ళలో రథం లాగేటప్పుడు చూడండి. అదే జనం, అదే తాడు. ఎవడికి వాడు లాగితే రథం కదలదు, 'హైలెస్సా' అని అందరూ ఒక్కసారి పట్టు పడితే కదులుతుంది. మొదటి వారాల్లో మన ఒంట్లో జరిగేది ఆ హైలెస్సా నేర్చుకోవడమే. దీనికి పాత రుజువు ఒకటుంది. 1894లోనే అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ అనే ఆయన ఒక చేతికే సాధన చేయించి చూస్తే, ఏ పనీ చేయని రెండో చేతికి కూడా బలం పెరిగింది. రెండో చేతి కండ కసరత్తు చేయలేదు కదా, నేర్చుకున్నది మెదడు, వెన్నుపాము.

పోగులు నిజంగా లావెక్కడం టేపుకి తెలియాలంటే రెండు నెలలైనా ఆగాలి. కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు ఇంకా నెమ్మది. అంటే ఒకే ఒంట్లో మూడు గడియారాలు తిరుగుతున్నాయన్నమాట. నరాల గడియారం వారాల్లో, కండ గడియారం నెలల్లో, స్నాయువుది అంతకంటే ఆలస్యంగా. నాకు అర్థమైనంతలో కొత్తవాళ్ళ కష్టాలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. వేగంగా తిరిగే గడియారం చూసి బరువు పెంచేస్తాం. నెమ్మదిగా తిరిగేవి ఆ బరువు మోయాలి.

ఇదంతా చదవని మా నాన్నకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఒక్కో టిక్కీ 40 కిలోల పైమాటే. సీజన్లో పొద్దున్నుంచి దించడం, కాటా పెట్టడం, మళ్ళీ లారీకి ఎక్కించడం. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అడిగాను.

"నాన్నా, ముఠాలోకి కొత్తోడు వస్తే ఏం పని చెప్తారు?"

"మొదట్లో వాడికి బస్తా ఇవ్వంరా. ఖాళీ గోతాలు మోయటం, కాటా దగ్గర చెయ్యేయటం. తర్వాత ఇద్దరం లేపి వాడి వీపు మీద పెడతాం, నాలుగడుగులు వేయిస్తాం. అట్టా అలవాటు చేస్తాం."

"వాడు మోస్తానంటే?"

"కుర్రోడు మోస్తాననే అంటాడు. మోస్తాడు కూడా. తెల్లారి రాడు. వాడు రాకపోతే ముఠాకే గదా నష్టం."

ముఠాలో కూలి అందరూ పంచుకుంటారు. ఒక మనిషి తగ్గితే వాడి బరువు మిగతావాళ్ళ మీద పడుతుంది. అందుకే కొత్తవాడు రేపు పనికొస్తాడా రాడా అన్నది మేస్త్రీకి పెద్ద విషయం. జిమ్‌లో లెక్క వేరు. మూడు నెలల ఫీజు ముందే కట్టేశాం. రేపు మనం వెళ్ళకపోతే అక్కడ ఎవరికీ పైసా నష్టం లేదు.

మా రూమ్మేట్ కట్టింది అలాంటి మూడు నెలల ప్యాకేజీనే. వాడు ఇంటర్ రెండేళ్ళూ కోచింగ్ హాస్టల్లో కుర్చీకి అతుక్కుపోయిన మనిషి. మొదటి రోజే పుల్లప్స్, ఆ తర్వాత బైసెప్స్ సెట్లు. చెయ్యి పైకి లేవకపోతే ట్రైనర్ తనే బరువు లేపి ఇచ్చి, "నెమ్మదిగా దించు బ్రో, ఇంకో పది" అన్నాడట. కండని బాగా దెబ్బతీసేది ఆ దించడమే. బరువు దిగుతున్నప్పుడు కండ బిగుసుకుని ఉంటూనే సాగుతుంది. అలవాటు లేని పోగులు అక్కడ చిట్లుతాయి.

కొంచెం చిట్లితే అది మామూలే. మర్నాడు, ఎల్లుండి ఒళ్ళు నొప్పులు ఉంటాయి, నాలుగైదు రోజుల్లో తగ్గుతాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుని నొప్పి వస్తుందని హాస్టల్లో చాలామంది చెప్తారు కానీ అది ఒకటి రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది. రెండో రోజు నొప్పి చిట్లిన పోగుల వాపు వల్ల. అదే కసరత్తు వారం తర్వాత చేస్తే అంత నొప్పి రాదు, ఎందుకంటే ఒక్కసారికే ఒళ్ళు పాఠం నేర్చుకుంటుంది.

మావాడికి కొంచెంతో ఆగలేదు. రెండో రోజు చేతులు చాపితే చాపుకోలేదు, మోచేతుల దగ్గర వంగిపోయి ఉండిపోయాయి. బ్రష్ నోటిదాకా తీసుకెళ్ళడానికి తల కిందికి వంచాడు. మేమంతా నవ్వాం, వాడూ నవ్వాడు. మూడో రోజు పొద్దున బాత్రూమ్ నుంచి వచ్చి, "మామా, యూరిన్ కోలా రంగులో వస్తోంది. వేడి చేసిందేమో" అన్నాడు. నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటానన్నాడు. నేనూ పక్క రూమ్ వాడూ ఆటో ఎక్కించి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం.

డ్యూటీ డాక్టర్ చేతులు చూసి ఒకటే అడిగింది: "కొత్తగా జిమ్‌కి వెళ్తున్నావా?"

రక్తంలో సీపీకే అని ఒక పరీక్ష ఉంది. అది కండ కణాల లోపల ఉండాల్సిన పదార్థం. కణం పగిలితే రక్తంలోకి వస్తుంది. మామూలుగా 200 యూనిట్ల లోపు ఉంటుంది. దానికి అయిదు రెట్లు, అంటే 1,000 దాటితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. మావాడి రిపోర్టులో 38,000. ఈ జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. కండ కరిగి రక్తంలో కలవడం అన్నమాట. కండలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ మూత్రంలో దిగుతుంది కాబట్టి ఆ రంగు. అదే కిడ్నీ గొట్టాల్లో అడ్డం పడి కిడ్నీలను పాడుచేస్తుంది. ఆ స్థితిలో నొప్పి మాత్ర కిడ్నీలకి ఇంకో దెబ్బ. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. అదృష్టం, కిడ్నీలకి ఏమీ కాలేదు.

దీనికి జిమ్మే కానక్కర్లేదు. అలవాటు లేనివాడి చేత వందల గుంజీలు తీయించినా ఇదే జరగొచ్చు. జూనియర్లని 'సరదాగా' గుంజీలు తీయమనే సీనియర్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

"ఇంట్లో చెప్పకు మామా" అన్నవాడు మూడో రోజు తనే వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ చేతుల గురించి అడగలేదు, కిడ్నీల గురించీ అడగలేదు. "గుండెకేం కాలేదు కదా నాన్నా?" అంది. 2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయిన దగ్గరినుంచి మన ఇళ్ళల్లో చాలామంది అమ్మలకి జిమ్ అంటే గుండెపోటే. ఒక్క మరణం చూసి జిమ్‌ల మీద తీర్పు చెప్పలేం. కానీ ఆవిడ ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు. కండ కణాలు పగిలితే లోపలి పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది. అది మరీ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. వార్డులో మావాడికి రోజూ ఈసీజీ తీసింది అందుకే. పాడైంది చేతుల కండ, కాపలా కాయాల్సి వచ్చింది గుండెకి.

అసలు బరువు ఎత్తుతున్నప్పుడు గుండెకి ఏమవుతుంది? బిగుసుకున్న కండ తనలోని రక్తనాళాలను నొక్కేస్తుంది. పైగా మనం ఊపిరి బిగపడతాం. ఇరుకైన గొట్టంలోకి పంపు గట్టిగా తోయాలి, అంటే బీపీ ఎగురుతుంది. ఎంత? 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు బాడీబిల్డర్ల ధమనిలోనే గొట్టం పెట్టి కొలిచారు. రెండు కాళ్ళతో లెగ్ ప్రెస్ చేస్తుంటే సగటున 320/250. ఒకరికైతే 480/350 దాటింది. మామూలు మనిషికి 120/80 అని గుర్తుపెట్టుకుని ఈ అంకెలు మళ్ళీ చదవండి. బరువు దించగానే కొద్ది సెకన్లలో దిగిపోతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న గుండె తట్టుకుంటుంది. అందుకే ఎత్తేటప్పుడు ఊపిరి వదలమంటారు. ముఠా వాళ్ళు బస్తా లేపుతూ కేక వేస్తారే, నాకిప్పుడు అది కొత్తగా వినిపిస్తుంది. కేక వేసేవాడు ఊపిరి బిగపట్టలేడు కదా.

ఇక్కడ ఇంకో మంచి వార్త. ఈ బీపీ ఎంత ఎగురుతుందన్నది బరువు మీద మాత్రమే కాదు, ఆ బరువు మన శక్తిలో ఎంత వంతు అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఇవాళ 40 కిలోలు మన పూర్తి శక్తి అయితే గుండె పూర్తిగా శ్రమపడాలి. నాలుగు నెలలకి మన శక్తి 60 అయితే అదే 40 కిలోలకి గుండె అంత కష్టపడనక్కర్లేదు. గ్యాస్ సిలిండర్ మోసినా, లగేజీతో ప్లాట్‌ఫాం మెట్లెక్కినా అంతే. కండకి వచ్చిన బలం గుండెకి సెలవు ఇస్తుంది. క్రమంగా చేసేవాళ్ళకి మామూలు సమయంలో బీపీ కూడా కొంచెం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చెప్పింది ఊరికే కాదు.

అయితే కొందరికి ముందు పరీక్ష కావాలి. గుండె గోడ పుట్టుకతో వచ్చే జన్యువుల వల్ల మందంగా ఉండే జబ్బు ఒకటి సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. చాలామందికి ఉన్నట్టే తెలియదు. 4,000 మంది చదివే కాలేజీలో లెక్క ప్రకారం ఎనిమిది మంది. పరిగెత్తేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా, జిమ్ ఫీజు కన్నా ముందు ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. ఇక స్కూపు పొడి సంగతి. ప్రీ వర్కౌట్ పేరుతో అమ్మే చాలా పొడుల్లో ఒక్క స్కూపుకే రెండు మూడు కప్పుల కాఫీ అంత కెఫీన్ ఉంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లయితే గుండె కండనే చెడగొడతాయి. ఆరు వారాల్లో బాడీ అని ఎవరైనా అంటే ఏ గడియారాన్ని తిప్పుతున్నాడో అడగండి.

కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాలు కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. మనం చూసింది ఆ రోజు ఎత్తిన బరువు. శ్రీకాకుళం జిల్లాలో చిన్నపిల్లగా మొదలుపెట్టి అప్పటికి పదేళ్ళకు పైగా గడిచింది. ఆ ఏళ్ళు స్కోరుబోర్డు మీద కనిపించవు.

మా రూమ్మేట్ డాక్టర్ సరేనన్నాక, ఆరు వారాలకి మళ్ళీ జిమ్‌కి వెళ్ళాడు. మొదటి వారం ఖాళీ బార్. ట్రైనర్ నవ్వినా పట్టించుకోలేదు. వారానికి మూడు రోజులు, ప్రతి సెట్‌లో ఇంకో రెండు మూడు చేయగలిగేలా ఉండగానే ఆపేయడం, కొంచెం కొంచెంగా బరువు పెంచడం. ఇప్పటికి ఎనిమిది నెలలు. టేపులో తేడా తెలుస్తోంది, మోచేతులు పూర్తిగా చాపుతున్నాడు.

ఈ సెమిస్టర్ మా ఫ్లోర్ నుంచి ఇద్దరు ఫస్టియర్ కుర్రాళ్ళు వాడితో పాటు వెళ్తున్నారు. నిన్న ఒకడు రెండో సెట్ అయ్యాక, "అన్నా, ఇంకో ప్లేట్ వేద్దామా, మోస్తాను" అన్నాడు. మావాడు బార్ తీసి స్టాండ్ మీద పెట్టేసి, "మోస్తావ్‌రా, నాకు తెలుసు. రేపు వస్తావా రావా?" అని అడిగాడు.